అరలీటరు మంచినూనె

"మంచినూనె వెయ్యమంటే ఇదేం వేశావే?" అన్నారు మామయ్యగారు, ఇడ్లీ పళ్ళెం అవతలికి తోస్తూ.

"మంచినూనెనే ఏసిన తాతా," అంది రాణి. నూనె గిన్నె ఇంకా దాని చేతిలోనే ఉంది.

"ఇదా మంచినూనె? వాసన చూడు. వేరుశనగ నూనె ఇది."

"అవ్, పల్లినూనెనే. మంచినూనె అంటే గదే గదా. మీ ఇంట్ల చెడ్డనూనె గూడ ఉంటదా ఏంది?"

మా అమ్మాయి ఆమని నవ్వాపుకోలేక తాగుతున్న నీళ్ళు ఒంటి మీద పోసుకుంది. దాంతో మామయ్యగారికి కోపం ఇంకా పెరిగింది. ఆయనది తెనాలి. అక్కడ చంటిపిల్లవాణ్ణి అడిగినా మంచినూనె అంటే నువ్వుల నూనె అనే చెబుతాడట. ఆయన తమ్ముడు అక్కణ్ణుంచి ఆ నూనె క్యాను నింపి పంపేది తన కారప్పొడిలోకే కానీ ఎవరి ముఖాన పొయ్యడానికో కాదట. రాణి జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చి మా ఇంట్లో వంటపని చూస్తుంది. మాట పడే రకం కాదు.

"గట్లయితే నువ్వుల నూనె అని అడగరాదు? నోరేమన్న నొస్తదా?"

"విన్నావా శారదా, ఎలా మాట్లాడుతోందో!"

నేను ఆ పళ్ళెం తీసి వేరే ఇడ్లీలు పెట్టాను. ఆయన ముట్టుకోలేదు. మా ఆయన జగన్మోహన్ గడియారం పెట్టుకుంటూ, "ఏదో ఒక నూనె, తినెయ్యండి నాన్నా. దీనిక్కూడా పంచాయతీయేనా?" అన్నారు. నూనెల మీద బతికే మనిషి నోట ఆ మాట రావడం నాకు వింతగా తోచింది.

అందరూ వెళ్ళాక కాగితం ముక్కలు కత్తిరించి, ఏ నూనె సీసా మీద ఆ గింజ పేరు రాసి అంటించాను. నువ్వుల నూనె. వేరుశనగ నూనె. పొద్దుతిరుగుడు నూనె. మంచి అన్న మాట ఎక్కడా రాయలేదు. అంతటితో గొడవ తీరిందనుకున్నాను.

మా ఆయన నాచారం పారిశ్రామికవాడలో ఒక ప్రైవేటు లాబులో కెమిస్టు. ఆహార పదార్థాల్లో కల్తీ పట్టుకోవడం ఆయన పని. ఆ ఏడు, అంటే రెండువేల పదమూడు, తెలంగాణ ప్రకటన వచ్చిన ఏడు, వాళ్ళ లాబుకి ఒక కొత్త యంత్రం వచ్చింది. ఇంటికి ఎవరొచ్చినా దాని గురించే చెప్పేవారు. నేనూ కెమిస్ట్రీలో బీఎస్సీ చదివినదాన్నే కాబట్టి నాకు కాస్త వివరంగా చెప్పేవారు. నూనెని రిఫైన్ చేసేటప్పుడు ఆఖర్న వాసన పోగొట్టడానికి రెండు వందల డిగ్రీలు దాటించి ఆవిరి పట్టిస్తారు. ఆ వేడికి నూనెలో కొన్ని కొత్త పదార్థాలు పుడతాయి. గ్లిసిడిల్ ఎస్టర్లని వాటిలో ఒక రకం. గింజలో అవి ఉండవు. గానుగాడిన నూనెలోనూ ఉండవు, గానుగ నూనె గోరువెచ్చన దాటదు గనక. రిఫైన్ చేసిన నూనెలో ఉన్నా కిలోకి ఆవగింజంత ఉంటే ఎక్కువ. ఏళ్ళ తరబడి తింటే అవి ఒంటికి మంచివి కావేమోనని పైదేశాల్లో పరిశోధిస్తున్నారట. ఆవగింజంత దాన్ని వెతికి పట్టుకుంటుంది ఈ యంత్రం.

"అవి కనిపించాయంటే ఆ నూనె రిఫైనరీ గడప తొక్కి వచ్చినట్టే. ఇంక బుకాయించడానికి లేదు," అనేవారు.

ఇడ్లీల గొడవ జరిగిన సాయంత్రం ఆయన పెందరాళే ఇంటికి వచ్చారు. ముఖం వెలిగిపోతోంది.

"దొరికాడు," అన్నారు చెప్పులు విప్పుతూనే.

తైలాలు కాచి అమ్మే ఒక ఆయుర్వేద మందుల సంస్థ ఉప్పల్లోని ఒక గానుగ నుంచి నువ్వుల నూనె కొంటోంది. ఆ నూనె అసలుదో కాదో చూసి చెప్పమని లాబుని అడిగారు. అమ్మేవాడికి తెలియకుండా మామూలు కొనుగోలుదారులా వెళ్ళి శాంపిల్ తెమ్మన్నారు. మా ఆయనే హెల్మెట్ పెట్టుకుని, లాబు గాజుసీసా పట్టుకుని వెళ్ళి తెచ్చారు. ఫలితం ఆ రోజు వచ్చింది. కొత్త యంత్రం మీద ఆయన సంతకంతో వెళ్ళిన మొదటి రిపోర్టు అది.

"అందులో నువ్వుల నూనె చుక్క కూడా లేదు శారదా! రిఫైన్ చేసిన పామాయిలు. యంత్రం నిండా గ్లిసిడిల్ ఎస్టర్లే."

"పంచదార, యాసిడ్ వేసి కలిపితే ఎర్రబడుతుంది కదా నువ్వుల నూనె. అదీ చేశారా?" కాలేజీలో ఆ పరీక్ష నా చేత్తో చేశాను. ఆ గులాబీ ఎరుపు ఇంకా గుర్తుంది.

"చేశాం. రంగే రాలేదు."

"కల్తీ చేసేవాడు కొంతైనా అసలు సరుకు కలుపుతాడు కదండీ? వాసన కోసమైనా."

"వాడికి ఆ మాత్రం భయం కూడా లేదన్నమాట. ఇరవై ఏళ్ళ నుంచి గానుగ ఉప్పలయ్య అంటే పేరు. ఆ పేరే అమ్ముకుంటున్నాడు."

నా ప్రశ్నకి అది జవాబు కాదని నాకు తెలుసు. కానీ ఆయన చాలా రోజుల తరవాత అంత సంతోషంగా ఉన్నారు. నేను కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళాను.

తరవాతి వారం ఒక పొద్దున రాణి గిన్నెలు తోముతూ తనలో తను గొణుక్కుంటోంది. ఏమిటని అడిగాను.

"ఉప్పలయ్య మామ గానుగ బంద్ వెట్టిండు అక్కా. నల్లచెరువు తొవ్వల లేదా, ఆయనది. మందుల కంపెనోళ్ళు అచ్చి నలుగుట్ల నిలవెట్టి అన్నరంట, నీది కల్తీ నూనె, లాబుల తేలింది అని. డబ్బాలు అన్ని వాపస్ పడేసి పోయిన్రు."

"నిజంగా కల్తీ చేశాడేమో."

"గాయన?" రాణి చేతిలో పీచు ఆగిపోయింది. "బాలింతలకు, పసిపిల్లలకు ఒంటికి రాయనీకె ఈడ అందరు ఆయన నువ్వులనూనెనే కొంటరక్కా. నా కొడుక్కు గూడ గదే రాసిన. మొన్న ఒకామె సగం సీసా తెచ్చి గాయన గడప మీద వెట్టి, మాట్లాడకుంట పోయింది. గా సీసా ఇంక గాడనే ఉన్నది. తియ్యడు, తియ్యనియ్యడు."

రాణి ఆ నూనెని నువ్వులనూనె అంది. మంచినూనె అనలేదు. నేను గోడకున్న బల్ల మీది నూనె సీసాల వైపు చూశాను. నేను రాసి అంటించిన కాగితాలు అలాగే ఉన్నాయి.

ఆ సాయంత్రం మా ఆయన ముఖం కడుక్కునేదాకా ఆగి అడిగాను.

"ఆ దుకాణంలో నూనె ఏమని అడిగారు?"

"అరలీటరు మంచినూనె ఇమ్మన్నాను."

కుర్చీలో పేపరు చదువుతున్న మామయ్యగారు తలెత్తారు.

"నువ్వుల నూనె అనలేదా?"

"మంచినూనె అంటే నువ్వుల నూనె కాదా? పుట్టినప్పటినుంచీ..." అంటూ ఆయన ఆగిపోయారు. తువ్వాలు రెండు చేతులా మొహం మీద పెట్టుకుని కాసేపు తియ్యలేదు. తీశాక గొంతు మార్చి అన్నారు. "నువ్వుల నూనెకే పేరుపడ్డ గానుగ అది. అక్కడికెళ్ళి మంచినూనె అడిగితే ఏది ఇస్తారు?"

"వాసన చూశారా?"

"చూశాను. వాసనే లేదు. అంటగట్టారు రా అని అప్పుడే అనుకున్నాను."

వాసన లేకపోవడం, ఇది వేరే నూనేమోనని ఎవరికైనా అనుమానం తెప్పించాలి. ఆయనకి కల్తీయేనన్న నమ్మకం తెప్పించింది. అంతకుమించి ఏమీ అనకుండా, మర్నాడు నేనే వెళ్ళి చూడాలనుకున్నాను. రాణిని రమ్మనలేదు.

ఉప్పల్ రోడ్డంతా మెట్రో స్తంభాల కోసం తవ్వి ఉంది. షేర్ ఆటో దిగి, దుమ్ములో ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని నల్లచెరువు వైపు సందులోకి నడిచాను. ముందు చిన్న కిరాణా దుకాణం, వెనక రేకుల షెడ్డులో గానుగ. మోటారు ఆగి ఉంది. రోలు చుట్టూ తెలకపిండి ఎండి అట్టకట్టింది. గడప మీద సగం సీసా, రాణి చెప్పినట్టే ఉంది. ఎండ తగిలి తేనె రంగులో మెరుస్తోంది.

గల్లా దగ్గర ఉప్పలయ్య భార్య లక్ష్మీనర్సమ్మ కూర్చుని ఉంది.

"ఏం గావాలె అమ్మా?"

"అరలీటరు మంచినూనె ఇవ్వండి."

"సీసా తెచ్చినవా?"

ఇచ్చాను. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పక్కనున్న పెద్ద రేకు డబ్బా మూత తీసి, కొలపాత్ర ముంచి, గరాటు పెట్టి పోసింది. లేత పసుపు నూనె. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏ వాసనా లేదు.

"ఇదేం నూనె అండీ?"

"మంచినూనెనే. కూరలకు. డబ్బల పామాయిలు."

"నువ్వుల నూనె కావాలంటే?"

"గట్లయితే నువ్వులనూనె అని అడగాలె గద. గది ఎనక ఉంటది. ఇప్పుడు లేదు. గానుగ బందున్నది." ఆ చివరి మాట ఆమె నా వైపు చూడకుండా చెప్పింది.

"కొన్ని రోజుల కిందట ఒకాయన హెల్మెట్ పెట్టుకుని, గాజుసీసాతో వచ్చి..."

"అచ్చిండు. మంచినూనె అన్నడు, పోసిన. సీసాకు మూత గట్టిగ వెట్టి, బట్టతోని తుడిచి, మస్తు జాగ్రత్తగ పట్కపోయిండు. నూనెకు గంత జాగ్రత్త ఏందని నవ్వుకున్న గూడ." అంటూ ఆమె నా ముఖంలోకి చూసింది. "మీకెట్ల ఎరుక?"

"ఆయన మా ఆయన. లాబులో పనిచేస్తారు. మా వైపు మంచినూనె అంటే నువ్వుల నూనె."

లక్ష్మీనర్సమ్మ కొలపాత్రని డబ్బా అంచు మీద పెట్టింది. అది జారి లోపల పడిపోయింది. తీసుకోలేదు. "ఇగో, ఇటు రా," అని వెనక్కి కేకేసింది.

ఉప్పలయ్య వచ్చాడు. పొట్టిగా, గట్టిగా ఉన్న మనిషి. భార్య చెప్పిందంతా నిలబడి విన్నాడు. ఆమెకి చెబుతూ చెబుతూ కన్నీళ్ళొచ్చాయి.

"ఒక్క మాటకు! ఒక్క మాటకు గింత జేసిన్రా మమ్మల్ని? ఇంకోసారి అడిగితే నోరు వడిపోతుండెనా?"

నేను తల దించుకోలేదు. దించుకుంటే ఆ మాట వినకుండా తప్పించుకున్నట్టవుతుందనిపించింది.

ఉప్పలయ్య నెమ్మదిగా అన్నాడు. "బస్తీల ఏమంటున్రో ఎరుకనా అమ్మా? ఆంధ్రోళ్ళ కంపెని, ఆంధ్రోళ్ళ లాబు, ఇంకేం రాస్తరు అంటున్రు. జెండాలు వట్టుకొని లాబు కాడికి పోదాం పా అన్నరు పోరగాండ్లు. నేనే వద్దన్న. నూనెకాడికి గివన్ని ఎందుకని. నాకైతే నూనె ఎట్ల తప్పయిందో సమజే గాలే. నా నూనెల నాకు తెల్వకుంట ఎవడన్న కలిపిండా అని, నా తమ్ముణ్ణి గూడ అనుమానించిన. పెద్ద లొల్లి అయింది. వాడు ఇల్లిడిసి పోయిండు."

ఇదంతా మా ఆయనకి చెబుతానన్నాను.

నేను వెళ్ళబోతుంటే లక్ష్మీనర్సమ్మ పిలిచింది. "అమ్మా, ఒక్కటి చెప్పు. లాబుల ఏందో చెడ్డది కనవడ్డది అన్నరు గద. గది గీ డబ్బల నూనెల ఉన్నట్టే గదా? మరి బస్తీ అంత గిదే తింటున్నరు. మేం గూడ. గా ముచ్చట ఎవ్వలు అడగరా?"

నా వంటింట్లో కూడా రిఫైన్ చేసిన పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్టే ఉంది. నూనె సీసా సంచిలో పెట్టుకుని రోడ్డు వైపు నడిచాను.

ఇంటికొచ్చాక జరిగిందంతా ఆయనకి చెప్పాను. కొనుక్కొచ్చిన సీసా బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"యంత్రం తప్పు చెప్పలేదు," అన్నారు.

"లేదు. సీసాలో ఉన్నదే చెప్పింది. సీసా మీద రాసింది మీరు."

మర్నాడు లాబులో పై అధికారితో మాట్లాడి వచ్చారు. ఆ అధికారి ఒక దారి చూపించాడట. పాత రిపోర్టు జోలికి పోవద్దు. గానుగ నుంచి కొత్త శాంపిల్ తెచ్చి పరీక్ష చేసి, బాగుందని ఇంకో రిపోర్టు ఇచ్చేద్దాం. అంతటితో అతని వ్యాపారం అతనికి వస్తుంది. కొత్త యంత్రం మీద మొదటి రిపోర్టే తప్పని మనమే చెప్పుకుంటే రేపు ఎవరు నమ్ముతారు మనల్ని?

"అదీ నిజమే కదా," అన్నారు మా ఆయన, నా ముఖం చూడకుండా.

"రెండోసారి బాగా వస్తే ఏమంటారు? దొరికిపోయాక మానేశాడు అంటారు. మొదటిది తప్పని చెప్పకుండా రెండోది ఎన్నిసార్లిచ్చినా అతని మీద మచ్చ అలాగే ఉంటుంది. ఇంకా గట్టిపడుతుంది."

"నువ్వు చెప్పినంత తేలిక కాదు శారదా. నన్ను సెక్షన్‌కి హెడ్ చేస్తామన్నారు. ఇది బయటికొస్తే ఆ మాట అటుంచు, శాంపిల్ తియ్యడం రానివాడని..." అని ఆపేశారు.

ఆయన శనివారం సాయంత్రం శుభ్రం చేసిన గాజుసీసా ఒకటి సంచిలో పెట్టుకుని ఉప్పలయ్య దగ్గరికి వెళ్ళారు. గంట తిరక్కుండానే వచ్చారు. సీసా ఖాళీగా ఉంది. దాన్ని భోజనాల బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్ళిపోయారు. అక్కడ ఏం జరిగిందో ఆ రోజు చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం అందరం కూర్చున్నాం. దోసకాయ పప్పు, వంకాయ కూర, మామయ్యగారి కారప్పొడి. రాణి వడ్డిస్తోంది. ఖాళీ సీసా బల్ల చివర అలాగే ఉంది. ఎవరూ తియ్యలేదు.

"శారదా, ఆ మంచి..." అని మామయ్యగారు ఆగారు. వేలితో నూనె సీసా చూపించారు. రాణి దాని మీద కాగితం చదివి, నువ్వుల నూనె తెచ్చి ఆయన పొడిలో వేసింది. ఈసారి ఇద్దరికీ మాటామాటా రాలేదు.

"నిన్న ఏమన్నాడు నాన్నా ఆయన?" అని ఆమని అడిగింది. అడగాల్సినది అడిగేసే వయసు దానిది.

మా ఆయన అన్నం కలుపుతూనే ఉన్నారు. "కూర్చోమన్నాడు. మంచినీళ్ళిచ్చాడు. క్షమించమని అడిగితే విన్నాడు. నూనె మాత్రం ఇవ్వనన్నాడు."

"ఎందుకు?"

"'మల్ల టెస్టు జేసి నా నూనె మంచిదని రాస్తవు. నా నూనె మంచిదని నాకు రాసియ్యాల్నా సారూ? నేను తప్పు జెయ్యలే. తప్పు జేసినోడు దిద్దుకోవాలె' అన్నాడు." ఆ మాటల్ని ఆయన ఉప్పలయ్య యాసలోనే, ఒక్కటీ మార్చకుండా చెప్పారు. "సీసా బట్టతో తుడిచి నాకే ఇచ్చేశాడు."

రాణి గరిటె గిన్నెలో పెట్టి నిలబడిపోయింది. ఆ లాబు మనిషి మా ఇంటి మనిషేనని దానికి అప్పుడే తెలిసింది. దాని ముఖం చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

"మీ పైవాడు ఒప్పుకోడుగా," అన్నారు మామయ్యగారు.

"ఒప్పుకోడు."

"మరి?"

మా ఆయన చెయ్యి కంచంలోంచి తీశారు. రాణి వైపు తిరిగారు. ఆ మాట మా అందరికంటే ముందు దానికి చెప్పాలనుకున్నట్టు.

"రేపు పొద్దున ఆ రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నాను రాణీ. శాంపిల్ అడిగింది నేను, తప్పుగా అడిగింది నేను అని సంతకం పెట్టి మందుల కంపెనీకి ఇస్తాను. లాబు ముద్ర వెయ్యకపోతే నా పేరు మీదే ఇస్తాను. ఆ ఫలితం మాత్రం కొట్టెయ్యను. అది ఏ నూనెదో ఆ నూనె పేరు కిందే, డబ్బా నూనె అని రాస్తాను. తరవాత ఆ కాగితం పట్టుకుని ఉప్పలయ్య దుకాణానికి వెళ్తాను. కంపెనీవాళ్ళు ఎక్కడ నిలబెట్టి అన్నారో అక్కడే నిలబడి, వినేవాళ్ళందరి ముందూ చదువుతాను."

రాణి ఆయన్నే చూస్తూ గిన్నెలోంచి గరిటె తీసుకుంది.

"ఏ యాళ్ళకు పోతరు?" అంది. "నేను గూడ అస్త."